చెయ్యి వణికిందా, తెర మీది బాణం తడబడిందా?

ఆరోగ్య విషయాలు రాసుకునే ఈ చోట కంప్యూటరు మౌస్ ప్రసక్తి ఎందుకని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. డెబ్బై దాటినవారి ఇళ్ళలోకి లాప్‌టాప్‌లు వచ్చి చాలా కాలమైంది. పింఛనుదారులు ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం మొదలుకొని, సముద్రాల అవతల ఉన్న మనవల ముఖాలు చూడటం వరకు ఎన్నో పనులు దాని మీదనే జరుగుతున్నాయి. ఆ తెరకూ మన చేతికీ నడుమ ఉన్నది ఈ చిన్న పరికరం. అది తడబడితే కుర్రవాళ్ళు దాన్ని తిట్టి పక్కన పడేస్తారు. వయసు మళ్ళినవారు మాత్రం ముందుగా తమ చేతినే అనుమానిస్తారు. "వచ్చేసింది" అనుకుంటారు. ఏమి వచ్చిందో పైకి అనరు.

మా వీధిలో విశ్రాంత ప్రధానోపాధ్యాయులు ఒకరున్నారు. వయసు డెబ్బై రెండు. తాము పనిచేసిన పాఠశాల చరిత్రను పాత ఛాయాచిత్రాలతో సహా పుస్తకంగా కూర్చే పనిలో రెండేళ్ళుగా ఉన్నారు. గత వేసవిలో ఒకనాడు మా ఇంటికి వచ్చి, మంచినీళ్ళు తాగి, కుశల ప్రశ్నలు ముగిశాక, "డాక్టరు గారూ, నరాల వైద్యులు మంచివారెవరైనా ఉంటే చెప్పండి. మా ఇంటావిడకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వకండి" అన్నారు. నెల రోజులుగా కుడి చెయ్యి మాట వినడం లేదట. ఫోటోను పట్టి పక్కకు జరపబోతే బాణం నిలిచిపోతుంది, ఉన్నట్టుండి జానెడు దూకుతుంది, వెనక్కు తెద్దామంటే ఇటువైపు దాటిపోతుంది. పుస్తకం పని ఆపేశారు. చేవ్రాలు చెడిపోకముందే బ్యాంకు ఖాతాలో కొడుకు పేరు చేర్చాలని కాగితాలు కూడా తెప్పించుకున్నారు. ఆ మాటలు చెబుతూనే చొక్కా జేబులోంచి ఒక మాత్రల పట్టీ తీశారు. చేతివణుకని చెబితే మందుల దుకాణంలో ఇచ్చారట. చూస్తే ప్రొప్రనొలాల్. ఇంకా వేసుకోలేదు, నన్నడిగాక మొదలుపెడదామని ఆగారు.

కొన్ని రకాల వణుకుకు ప్రొప్రనొలాల్ మంచి మందే, కాదనను. కాని అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఉబ్బసం ఉన్నవారిలో శ్వాసనాళాలను బిగదీస్తుంది. మా మాస్టారు ఇరవయ్యేళ్ళుగా ఉబ్బసానికి మందు పీలుస్తున్నవారు. ఆ పట్టీలోని మాత్రలు రెండు రోజులు వరుసగా పడి ఉంటే వారిని అర్ధరాత్రి ఆసుపత్రికి తరలించవలసి వచ్చేదేమో. వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని మందును చేతిలో పెట్టి పంపినవారి గురించి నేనిక్కడ ఎక్కువ చెప్పను. చెప్పడం మొదలుపెడితే ఈ వ్యాసం దారి తప్పుతుంది.

వారిని కొన్ని ప్రశ్నలడిగాను. కాఫీ గ్లాసు పట్టుకుంటే తొణుకుతుందా? లేదు. చొక్కా బొత్తాలు? ఇబ్బంది లేదు. చేతిరాత చిన్నదవుతూ వస్తోందా? ఒక కాగితం ఇచ్చి నాలుగు వాక్యాలు రాయమన్నాను. నల్లబల్ల మీద ముప్ఫయ్యేళ్ళు రాసిన చెయ్యి, మొదటి అక్షరం ఎంత ఉందో చివరి అక్షరమూ అంతే ఉంది. మరి ఇబ్బంది ఎప్పుడు? "మౌస్ పట్టుకున్నప్పుడే." ఒకే ఒక పని చేసేటప్పుడు మాత్రమే వచ్చే వణుకులు వైద్యశాస్త్రంలో లేకపోలేదు. కలం పట్టినప్పుడు తప్ప మరెప్పుడూ వణకని చేతులను నేను చూశాను. అయినా అవి అరుదు. అన్ని పనులూ సక్రమంగా చేస్తూ ఒక్క వస్తువు దగ్గరే మొరాయించే చెయ్యి కనబడితే, ఆ వస్తువును కూడా ఒకసారి పరీక్షించాలి.

పాఠకుల కోసం ఇక్కడ రెండు మాటలు. జేమ్స్ పార్కిన్సన్ అనే లండను వైద్యుడు 1817లో వర్ణించిన వ్యాధిలో వణుకు సాధారణంగా చెయ్యి ఊరక ఉన్నప్పుడు కనిపిస్తుంది. సెకనుకు నాలుగు నుండి ఆరు సార్లు, తరచుగా ముందు ఒకవైపే మొదలవుతుంది. పనిలో పడగానే చాలామందిలో తగ్గుతుంది. దానికి తోడు కదలికలు మందగించడం, రాత చిన్నదవడం, నడకలో ఒక చెయ్యి ఊగకపోవడం వంటివి ఉంటాయి. పని చేసేటప్పుడు, చేతులు చాచినప్పుడు రెండు చేతులా వచ్చే వణుకు వేరు. అది వంశాల్లో నడుస్తుంది, ప్రొప్రనొలాల్ ఇచ్చేది ముఖ్యంగా దానికే. మాస్టారిని చేతులు చాచమని వేళ్ళ మీద పలుచని కాగితం పరిచాను. కాగితం అంచు సన్నగా అదిరింది. ఆ ఉదయం మందు పీల్చారా అని అడిగితే, బయలుదేరే ముందే పీల్చానన్నారు. సాల్బుటమాల్ పీల్చిన తరువాత కొంతసేపు వేళ్ళలో అటువంటి సన్నని అదురు ఉండటం మామూలే. కొన్ని గంటల్లో పోతుంది. అది ఫోటోను జానెడు దూరం దూకించగలిగేది కాదు.

మరునాడు వారింటికి వెళ్ళాను. మౌస్ పట్టి పని చేయమని, నేను తెరవైపు చూడకుండా వారి చేతినే చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో ఎవరైనా ఈ సమస్య చెబితే మీరు చేయవలసిన మొదటి పరీక్ష ఇదే. మనమంతా సహజంగా బాణాన్ని చూస్తాం. చెయ్యి ఏం చేస్తోందో ఎవరూ చూడరు. మాస్టారి చెయ్యి మొదట నిలకడగా కదిలింది. బాణం కదలలేదని వారు ఇంకొంచెం జరిపారు. అప్పుడది ఒక్కసారిగా దూకింది. వెనక్కు లాగారు, మళ్ళీ ఆలస్యం, మళ్ళీ దాటిపోవడం. నాలుగైదు సార్లు అలా అయ్యేసరికి చెయ్యి నిజంగానే అటూ ఇటూ ఊగసాగింది. ఎవరు చూసినా వణుకనే అంటారు.

స్నానాలగదిలో గీజరు నీళ్ళతో మనకందరికీ ఇది అనుభవమే. కుళాయి తిప్పుతాం, నీళ్ళు వేడెక్కవు. ఇంకొంచెం తిప్పుతాం. తీరా వేడినీళ్ళు వచ్చేసరికి ఒళ్ళు చుర్రుమంటుంది. వెంటనే వెనక్కు తిప్పుతాం, అప్పుడు చన్నీళ్ళు. తప్పు చేతిదీ కాదు, కుళాయిదీ కాదు, వార్త ఆలస్యంగా అందడంలో ఉంది. మన శరీరంలో చేతి కదలికను కంటితో, కీళ్ళ నుండి వచ్చే కబుర్లతో సరిచూసి క్షణక్షణం దిద్దే పని చిన్నమెదడుది. అది దెబ్బతిన్నవారి వేలు కూడా లక్ష్యాన్ని దాటిపోయి, వెనక్కు వచ్చి, మళ్ళీ దాటుతుంది. ఆరోగ్యవంతుడైన మనిషికి ఆలస్యపు మౌస్ ఇచ్చి కూర్చోబెడితే దానికి నకలు వంటి దృశ్యమే కనబడుతుంది. తేడా తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. లాప్‌టాప్ తెర మీద ఒక తువ్వాలు కప్పి, మౌస్‌ను కుడికీ ఎడమకూ నెమ్మదిగా జరపమన్నాను. బాణం కనిపించకపోయేసరికి మాస్టారి చెయ్యి గీత గీసినట్లు నడిచింది. ఆ తరువాత నా ముక్కుకు ఎదురుగా నా వేలుంచి, వారి వేలితో తమ ముక్కునూ నా వేలినీ మార్చి మార్చి ముట్టుకోమన్నాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇక రెండవ రోగి మౌస్. వైద్యుడికి రోగం ఎక్కడుందో తెలియాలంటే ముందు దారి తెలియాలి. మౌస్ అడుగున ఒక చిన్న దీపమూ, ఒక చిన్న కెమెరా కన్నూ ఉంటాయి. ఆ కన్ను కింది ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా బొమ్మలు తీసి, ఒక బొమ్మకూ మరొక బొమ్మకూ తేడాను బట్టి ఎటు ఎంత జరిగామో లెక్కకడుతుంది. ఆ లెక్క రేడియో తరంగాల మీద, లాప్‌టాప్‌కు గుచ్చిన గోరంత రిసీవరుకు చేరుతుంది. అక్కడి నుండి యూఎస్‌బీ పోర్టు ద్వారా లోపలికి వెళుతుంది. సాధారణంగా సెకనుకు 125 సార్లు ఈ కబురు నడుస్తుంది. చివరకు కంప్యూటరు తీరిక చేసుకొని బాణాన్ని జరపాలి. కన్ను, తరంగం, రిసీవరు, పోర్టు, కంప్యూటరు: ఈ అయిదింటిలో ఎక్కడ అడ్డుపడినా మనకు కనిపించే లక్షణం ఒకటే.

అన్నింటికంటే ముందు చేయవలసిన పరీక్షను చాలామంది మరచిపోతారు. లాప్‌టాప్‌కు తనదైన స్పర్శఫలకం ఉంటుంది కదా, దాని మీద వేలు జరిపి చూడాలి. అప్పుడూ బాణం ఈడుస్తూ నడిస్తే మౌస్ నిర్దోషి. కంప్యూటరే ఏదో భారంతో సతమతమవుతోందన్నమాట. వెనుక ఏదైనా పెద్ద అప్‌డేట్ నడుస్తుండవచ్చు, డిస్కు నిండిపోయి ఉండవచ్చు. మాస్టారి లాప్‌టాప్‌లో వేలితో బాణం చక్కగా నడిచింది. ఆ తరువాత మౌస్‌నూ రిసీవరునూ వారి మనవరాలి కంప్యూటరుకు మార్చాం. అక్కడా చక్కగానే నడిచింది! ఆ అమ్మాయి నవ్వింది. మాస్టారి ముఖం మాత్రం వాడిపోయింది, తప్పు మళ్ళీ తమ చేతి మీదికే వస్తుందేమోనని. నాకు మాత్రం ఆ ఫలితమే ఎక్కువ సంగతులు చెప్పింది. మౌస్ బాగుంది, లాప్‌టాప్ బాగుంది, రెండూ కలిసినప్పుడే చెడుతోంది. అంటే రోగం ఆ రెండింటి నడుమనో, చుట్టుపక్కలనో ఉంది.

ఒకేసారి రెండు మందులు మొదలుపెట్టకూడదనేది మా గురువులు నేర్పిన నియమం. గుణం కనిపిస్తే ఏ మందుదో, వికటిస్తే ఏ మందుదో తెలియదు. మౌస్ విషయంలోనూ అదే పాటించాను. ముందు బ్యాటరీ కొత్తది వేశాం, మార్పు లేదు. బల్ల మీద, చాలా తెలుగు ఇళ్ళలో ఉన్నట్లే, అద్దం పరిచి దాని కింద మనవల ఫోటోలు, ఒక దేవుడి పటం, గ్యాస్ ఏజెన్సీ కార్డు పెట్టి ఉన్నాయి. మౌస్ కన్నుకు అద్దం మంచి నేల కాదు, చూపు నిలిచే గరుకుతనం దానిలో ఉండదు. కాబట్టి పాత కాలెండరు అట్ట ఒకటి తెచ్చి పరిచాం. చిన్న అదురు కొంత తగ్గింది, పెద్ద దూకుడు అలాగే ఉంది. మాస్టారు అప్పుడే "కుదిరిందండీ" అనబోయారు. సగం తగ్గిన జ్వరాన్ని తగ్గిందని రాయకూడదు.

అప్పుడు లాప్‌టాప్ కుడిపక్కన చూశాను. పక్కపక్కనే రెండు పోర్టులు. ఒకదానిలో మౌస్ రిసీవరు. లోపల నీలిరంగు ఉన్న రెండవదానిలో, పాఠశాల ఫోటోలన్నీ దాచిన బయటి హార్డుడిస్కు. "ఇది ఎప్పుడు కొన్నారు మాస్టారూ?" అని అడిగితే, "నెలయింది. అబ్బాయి పంపించాడు" అన్నారు. చెయ్యి మాట వినకుండా పోయిందీ నెల రోజులుగానే. జబ్బు ఎప్పుడు మొదలయిందో అడగటంతో పాటు, అదే రోజుల్లో ఇంట్లోకి కొత్తగా ఏమి వచ్చిందో అడగటం వైద్యుడి అలవాటు. హార్డుడిస్కును సురక్షితంగా తీసివేయించాను. బాణం చేతి వెంట నీడలాగా నడిచింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ తడబాటు. మూడుసార్లు అలా చేసి చూపిస్తే గాని మాస్టారికి నమ్మకం కుదరలేదు.

కారణం ఇది. ఇలాంటి మౌస్‌లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ అనే పౌనఃపున్యం దగ్గర మాట్లాడతాయి. బ్లూటూత్ పరికరాలూ, చాలా ఇళ్ళలోని వైఫై కూడా అక్కడే. మైక్రోవేవ్ పొయ్యి కూడా దాదాపు అక్కడే పనిచేస్తుంది. అది సంతవీధి వంటి చోటు. నీలిరంగు పోర్టు యూఎస్‌బీ 3.0 రకానిది. సెకనుకు 500 కోట్ల బిట్లు పంపగలిగే వేగం దానిది. అంత వేగంగా సంకేతాలు మారుతున్నప్పుడు తీగ నుండి, పోర్టు నుండి, పరికరం నుండి కొంత రేడియో రొద బయటికి చిమ్ముతుంది. ఆ రొద సరిగా ఈ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని కూడా ముంచెత్తుతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే ఈ సంగతిని కొలిచి, వివరంగా ప్రకటించింది. రిసీవరు ఆ రొదకు అంగుళం దూరంలో కూర్చుని, రెండడుగుల అవతల గుసగుసలాడే మౌస్ మాట వినాలి. కొన్ని మాటలు అందవు, అందినవి ఆలస్యంగా అందుతాయి. మనవరాలి కంప్యూటరుకు పక్కన హార్డుడిస్కు లేదు గనుక అక్కడ ఏ చిక్కూ రాలేదు.

చికిత్సకు పెద్ద ఖర్చేమీ కాలేదు. రిసీవరును ఎడమపక్కనున్న పాతరకం పోర్టుకు మార్చాం. అటువైపు పోర్టు లేని లాప్‌టాప్‌లకు మూరెడు యూఎస్‌బీ పొడిగింపు తీగ కొని, రిసీవరును దాని చివర గుచ్చి, మౌస్ పక్కకు తెచ్చి పెట్టుకుంటే చాలు. నాసిరకం తీగ బదులు మంచి కవచమున్న తీగతో హార్డుడిస్కును కలిపినా రొద తగ్గుతుంది. ఇంట్లో వైఫైను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకోగలిగితే సంతలో ఇంకొంత రద్దీ తగ్గుతుంది.

వారం తిరిగేసరికి మాస్టారు ఫోను చేశారు. తడబాటు లేదు గాని, అయిదు నిమిషాలు వదిలేసి వస్తే మౌస్ స్పృహ తప్పుతోందట. ఇది మరొక జబ్బు. విద్యుత్తు ఆదా చేయడానికి విండోస్ తాను వాడటం లేదనుకున్న యూఎస్‌బీ పోర్టులను నిద్రపుచ్చుతుంది. కొన్ని రిసీవర్లు ఆ నిద్ర నుండి సరిగా లేవవు. డివైస్ మేనేజర్ తెరిచి, యూఎస్‌బీ రూట్ హబ్ అన్న పేరు మీద రెండుసార్లు నొక్కితే పవర్ మేనేజ్‌మెంట్ అనే పుట కనిపిస్తుంది. ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపివేయడానికి కంప్యూటరుకు అనుమతి ఇస్తున్నట్లు అక్కడొక టిక్కు ఉంటుంది. దాన్ని తీసివేయాలి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే రెండు నిమిషాల పని.

కొందరి ఇళ్ళలో కంప్యూటరు మాటిమాటికీ టింగుమని మోగుతూ, పరికరం ఊడినట్లూ తగులుకున్నట్లూ చెబుతుంది. ఇది వదులైన పోర్టు కావచ్చు, లేదా ఆకలి కావచ్చు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఒక పరికరానికి ఇవ్వవలసింది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900. సొంత విద్యుత్తు లేని చిన్న హబ్బుకు హార్డుడిస్కు, పెన్‌డ్రైవు, మౌస్ రిసీవరు అన్నీ తగిలించి, దాన్ని ఒకే పోర్టుకు గుచ్చితే ఆ కొంచెం కూడే అందరికీ పంచాలి. ఎక్కువ తినే హార్డుడిస్కు తిరగడం మొదలుపెట్టగానే మిగిలినవారు సొమ్మసిల్లుతారు. మా కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి పోర్టుల లోపలి లోహం మసకబారడం కూడా ఉంది. లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, పొడి కుంచెతో దుమ్ము దులపాలి. పిన్నీసుతో గోకడం, తడిగుడ్డ దూర్చడం, నోటితో ఊదడం వద్దు. నోటి ఊదులో తుంపర ఉంటుంది.

మనవలు వచ్చిపోయే ఇళ్ళవారికి ఒక వైద్య హెచ్చరిక. గోరంత రిసీవరు పసిపిల్లల నోట్లో పట్టేంతే ఉంటుంది. కొన్ని పరికరాల్లో వాడే నాణెం వంటి బ్యాటరీ అంతకంటే ప్రమాదం. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిన గాయం చేయగలదు. మింగినట్లు అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నాలు మాని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇంతవరకు చదివి, చేతివణుకంతా మౌస్ మహిమేనని ఎవరైనా అనుకుంటే నేను రాసిన దానికి వ్యతిరేక ఫలితం వస్తుంది. వీధిలో అందరూ "బ్యాంకు మేడమ్" అని పిలిచే ఒక విశ్రాంత ఉద్యోగిని ఉన్నారు. ఆమె దారి ఇందుకు పూర్తిగా ఎదురు. ఏడాదిలో మూడు మౌస్‌లు మార్చారు. ప్రతిదీ నాసిరకమేనని, రెండుసార్లు నొక్కితే ఒకసారే పలుకుతుందని ఆమె ఫిర్యాదు. మౌస్ గురించి అడగటానికే వచ్చారు. నేను చూసింది ఆమె గేటు దగ్గర నుండి నడిచి వచ్చిన తీరు. ఎడమచెయ్యి ఊగుతోంది, కుడిచెయ్యి ఒంటికి అంటుకున్నట్లు ఉంది. బొటనవేలినీ చూపుడువేలినీ త్వరత్వరగా తాటించమంటే, కుడిచేతిలో అయిదారు తాటింపులకే ఆ వేళ్ళ నడుమ ఎడం తగ్గిపోతూ వచ్చింది. కూర్చుని మాట్లాడుతుండగా ఒడిలోని ఆ చేతి బొటనవేలు నెమ్మదిగా కదులుతూనే ఉంది. రెండేళ్ళుగా వాసన సరిగా తెలియడం లేదని అడిగితే చెప్పారు. తెర మీద తువ్వాలు కప్పవలసిన పని ఇక్కడ రాలేదు. ఆ వారమే నరాల వైద్యుని వద్దకు పంపాను. జబ్బు నిర్ధారణ అయింది, మందులు మొదలయ్యాయి, అవి ఆమెకు బాగానే పట్టాయి.

ఇటువంటివారికి మౌస్‌ను మనిషికి తగినట్లు మార్చుకునే వీలుంది. విండోస్‌లోని మౌస్ అమరికల్లో బాణం వేగాన్ని తగ్గించాలి. రెండుసార్లు నొక్కే వేగాన్ని నెమ్మది చేస్తే, రెండు నొక్కుల మధ్య ఎడం ఎక్కువైనా కంప్యూటరు ఓపిక పడుతుంది. క్లిక్‌లాక్ అనే సదుపాయం ఎంచుకుంటే, బొత్తాన్ని నొక్కి పట్టుకోనవసరం లేకుండానే బొమ్మలను ఈడ్చవచ్చు. చెయ్యి కదపకుండా బంతిని వేళ్ళతో దొర్లించే ట్రాక్‌బాల్ కొందరికి ఇంకా సుఖంగా ఉంటుంది. మేడమ్ ఇప్పుడు దాని మీదనే తమ అపార్టుమెంటు లెక్కలు చూస్తున్నారు. ఆమె పక్కన పడేసిన మూడు మౌస్‌లలో రెండింటిని మాకు పంపారు. ఒకటి నేను వాడుతున్నాను, ఒకటి మాస్టారు వాడుతున్నారు. రెండూ బాగానే పనిచేస్తున్నాయి.